సూక్ష్మదర్శినికి కనిపించేది, రాజధానికి కనిపించనిది

భారత వైద్య పరిశోధన మండలి మద్దతుతో జరిగిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడినప్పుడు ఢిల్లీలో చర్చ ఎక్కువగా మధుమేహం చుట్టూనే సాగింది. అందులోనే ఉన్న మరొక అంకె నన్ను కలవరపెట్టింది: వయోజనులలో నూటికి 35 మందికి పైగా రక్తపోటు పీడితులు. గుండెకు కలిగే చేటు పాఠకులకు తెలిసినదే. మెదడుకు జరిగే హాని మాత్రం తరచు పక్షవాతం వచ్చేదాకా కంటపడదు.

1868లో పారిస్‌లో షార్కో, బుషార్ అనే వైద్యులు మెదడులో రక్తస్రావమై మరణించినవారి సన్నని ధమనులపై కొర్రగింజలవంటి ఉబ్బులను చూపించారు. రక్తపోటును కొలిచే పట్టీ సాధనం అప్పటికింకా రాలేదు. రీవా-రోచీ దానిని రూపొందించినది 1896లో. పైగా వారు చూసినది మృతుల మెదడు. అందులో ప్రవాహం ఉండదు.

ఆ కొరత 1990 తరువాత తీరింది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో డెంక్, స్ట్రిక్లర్, వెబ్ రూపొందించిన సూక్ష్మదర్శినిలో రెండు కాంతికణాలు ఒకేసారి తాకినచోటనే, అంటే కిరణం కేంద్రీకృతమైన బిందువులోనే, వెలుగు పుడుతుంది. అందువల్ల బతికున్న మెదడులోకి, కోత కోయకుండానే, అర మిల్లీమీటరు లోతుకు చూడవచ్చు. 2018లో రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన మెస్త్రె, నెదర్‌గార్డ్ బృందం ఈ సాధనంతో చిట్టెలుకల మెదడును పరిశీలించింది. మిల్లీమీటరులో వెయ్యోవంతు పూసలను మెదడు ద్రవంలో వదలి చూస్తే, ధమని కొట్టుకున్నప్పుడల్లా అవి ముందుకు సాగాయి. ఆంజియోటెన్సిన్ ఇచ్చి రక్తపోటు పెంచగానే ధమని గోడ కదలిక తీరు మారింది. పూసలు వెనక్కు జారడం ఎక్కువైంది, ప్రవాహం తగ్గింది. మెదడులోని మలినాలను కడిగేది ఈ ద్రవమేనన్నది ఆ బృందం వాదన. దానిపై వివాదం ఇంకా ముగియలేదు. చిట్టెలుక మనిషీ కాదు.

మనుషుల సంగతికి వస్తే, తొమ్మిది వేలమందికి పైగా పాల్గొన్న అమెరికా పరిశోధన స్ప్రింట్ 2019లో చెప్పినదిది: పై అంకెను 120 లోపుకు దించేందుకు చికిత్స పొందినవారిలో, 140 లోపు లక్ష్యంగా పెట్టుకున్నవారికంటే, ఆలోచనాశక్తి స్వల్పంగా మందగించడం తక్కువ. డిమెన్షియా తగ్గిందని మాత్రం అది నిరూపించలేకపోయింది.

ఇందులో రాజకీయమేముందని అడగవచ్చు. 2017 నవంబరులో కేంద్రం, వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ప్రారంభించిన రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తొలి అయిదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. అందరికీ ఒకే వరుస మందులు, కనీసం నెలకు సరిపడా మాత్రలు, అవీ ఇంటికి దగ్గరలోని కేంద్రంలోనే. అంతే దాని సూత్రం. శంకుస్థాపనకు తావులేదు, శిలాఫలకం అసలే లేదు. అందుకే కాబోలు, వైద్య కళాశాల కోసం పట్టుబట్టే మన ఎంపీలు మాత్రల కోసం పట్టుబట్టడం నేను అరుదుగా విన్నాను. మాత్ర దొరకని రోగికి నొప్పి ఉండదు. అతడు ధర్నాకు రాడు.

తమ జిల్లాలోని ఉపకేంద్రాలలో గత ఏడాది ఈ మాత్రలు ఎన్ని రోజులు నిండుకున్నాయని మన సభ్యులలో ఒక్కరైనా, నక్షత్రం లేని ప్రశ్నగానైనా సరే, అడిగితే ఆ సమాధానాన్ని ఈ శీర్షికలోనే అచ్చువేస్తాను.