ఇన్వర్టర్ బ్యాటరీ కొనే ముందు ఒక లెక్క

ఇన్వర్టర్ బ్యాటరీ కొనబోయేవారు కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా దుకాణంలో ముందుగా అడిగేవి ధర, వారంటీ. అంతకంటే ముందు ఇంట్లోనే తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: కరెంటు ఎన్నిసార్లు పోతోంది, పోయిన ప్రతిసారీ బ్యాటరీ ఎంత మేర ఖాళీ అవుతోంది. ఏ రకం కొనాలో చెప్పేవి ఈ రెండే. ఒకప్పటి గంటల తరబడి కోతలు ఇప్పుడు లేవు కదా అనవచ్చు. నిజమే. కానీ గాలివానకు తీగలు తెగుతాయి, లైన్ల మరమ్మతులుంటాయి, 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డిని ముంచెత్తినలాంటి వానలూ వస్తాయి.

ట్రాక్టర్ బ్యాటరీ ఉండగా మరొకటి దండగ అనేవారూ ఉన్నారు. దాని లోపలి పలకలు పలచన, సంఖ్యలో ఎక్కువ. సెల్ఫ్ కొట్టినప్పుడు కొన్ని సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇస్తుంది. ఇంజిన్ నడవగానే ఆల్టర్నేటర్ దాన్ని మళ్లీ నింపేస్తుంది. అదే బ్యాటరీతో గంటల కొద్దీ ఫ్యాన్లు తిప్పితే పలకల మీది పదార్థం రాలి అడుగున చేరుతుంది. ఇన్వర్టర్ల కోసం అమ్మే ట్యూబులర్ బ్యాటరీలో ఆ పదార్థాన్ని సీసపు కడ్డీల చుట్టూ గొట్టాల్లాంటి బట్ట తొడుగుల్లో బిగిస్తారు. అందుకే పదేపదే ఖాళీ అయినా అంత త్వరగా రాలదు.

ఇక సైజు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు ఉంటాయి. ఎక్కువ కాలం మన్నాలంటే సగమే వాడాలి. ఇన్వర్టర్ నష్టం పోను చేతికొచ్చేది సుమారు 750. మూడు ఫ్యాన్లకు 225 వాట్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులకు 40, వైఫైకి 10 వేసుకుంటే రెండున్నర గంటలు గడుస్తాయి. సాధారణంగా 150 ఏహెచ్ అనే అంకె 20 గంటలపాటు 7.5 ఆంపియర్ల చొప్పున నెమ్మదిగా తీసినప్పటిది. ఈ ఇంటి లోడు అంతకు మూడు రెట్లు దాటుతుంది కాబట్టి రెండు గంటలే అనుకుని లెక్కేసుకోవడం మేలు.

మరి లిథియం? లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 80 శాతం దాకా ఖాళీ చేసినా వేల సార్లు ఛార్జింగ్‌కు నిలుస్తుంది. నీళ్లు పోసే పనీ లేదు. అంటుకుంటుందేమోనన్న భయం అర్థం లేనిది కాదు గానీ, లిథియంలో ఈ రకం వేడికి బాగా తట్టుకుంటుంది. సోలార్‌తో రోజూ రాత్రి దుకాణమో టిఫిన్ బండో నడిపేవారికి దాని అధిక ధర తిరిగొస్తుంది. నెలకు నాలుగైదుసార్లు, అదీ గంటో అరగంటో కరెంటు పోయే ఇంటికి ఆ వేల ఛార్జింగులు వాడే అవకాశమే రాదు. అక్కడ ట్యూబులర్ చాలు. పైగా లిథియం పెట్టాలంటే ఇన్వర్టర్‌లో దానికి తగ్గ ఛార్జింగ్ సెట్టింగ్ కూడా ఉండాలి.

ట్యూబులర్‌కు శత్రువు ఎండ. వేడి పది డిగ్రీలు పెరిగితే సీసపు బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. రేకుల గదిలో, మిద్దె మీద కాకుండా నీడన, గాలాడే చోట ఉంచాలి. ఛార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్ బయటికి పోవడానికీ అదే దారి. తేలే సూచిక కిందికి దిగితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, బోరు నీళ్లు కాదు. వారంటీ కార్డులో ఉచితంగా మార్చి ఇచ్చే నెలలెన్నో, తగ్గింపు మాత్రమే ఇచ్చే నెలలెన్నో విడిగా చదవాలి. పాత బ్యాటరీని తిరిగి దుకాణానికే ఇవ్వాలి: అందులోని సీసానికి విలువ ఉంది, బయట పారేస్తే అదే విషం.