ఒక్క పూట... కొండతో!

కోనసీమలో పుట్టి పెరిగినవాళ్లకి ఎక్కడమంటే డాబా మెట్లు, అటక నిచ్చెన... అంతే! గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు నేల మనది. అమలాపురం నుంచి రాజోలు దాకా కొబ్బరితోటలు, వరిచేలు, కాలవలే గానీ కొండన్నది కనబడదు. కొబ్బరిచెట్లెక్కడం దింపు కార్మికుల పని. ఆడపిల్ల జామచెట్టెక్కితేనే 'మగరాయుడిలా ఆ ఎక్కడమేంటే' అని కేకలేస్తాం.

అలాంటి మనకి రాక్ క్లైంబింగ్ ఎందుకంటారా? ఒక్క పేరు చెబుతాను. మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన పేద గిరిజన కుటుంబంలోని అమ్మాయి. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ, భువనగిరి కొండ మీద తొలి పాఠాలు నేర్చుకుంది. 2014 మే 25న, పద్నాలుగేళ్లయినా నిండకుండానే ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడింది!

ఆ భువనగిరి హైదరాబాద్ నుంచి వరంగల్ దారిలో 50 కిలోమీటర్ల దూరం. 500 అడుగులకు పైగా ఎత్తున్న ఏకశిల. కొత్తవాళ్లు ఎవరెస్ట్ దాకా పోనక్కర్లేదు, ఒక్క పూట చాలు.

ఎండెక్కితే బండ కాలుతుంది కనుక పొద్దున్నే మొదలుపెట్టాలి. నడుముకీ తొడలకీ 'హార్నెస్' అనే పట్టీ బిగిస్తారు. దానికి కట్టిన తాడు పైనున్న కొక్కెం గుండా వచ్చి, కింద నిలబడ్డ శిక్షకుడి చేతిలో ఉంటుంది. కాలు జారినా కాస్త కిందికి దిగి ఆగిపోతారు. ఎక్కేముందు ముడినీ, పట్టీనీ మీరోసారి, శిక్షకుడోసారి చూసుకోవాల్సిందే.

కొత్తవాళ్లు చేతులతో ఒళ్లంతా పైకి లాక్కోబోతారు. ఇట్టే చేతులు పీకేస్తాయి. బరువు కాళ్లమీద వెయ్యాలి. రెండు చేతులూ రెండు కాళ్లలో మూడు ఆనించి, నాలుగోదాన్నే కదపాలి. దిగేటప్పుడు కుర్చీలో కూచున్నట్టు వెనక్కి వాలి, పాదాలు బండకి ఆనించాలి. అసలు ధైర్యం కావల్సింది ఇక్కడే... తాడుని నమ్మడానికి!

కొన్ని జాగ్రత్తలు: చీర, చున్నీ వద్దు, ట్రాక్ ప్యాంటు మేలు. గాజులు, గొలుసులు, ఉంగరాలు తీసెయ్యండి. ఉంగరం రాతి సందులో ఇరుక్కుంటే వేలికే ముప్పు. జడ ముడేసి హెల్మెట్ పెట్టుకోండి. తేలిగ్గా తినండి, నీళ్లు మరవకండి. గర్భిణులు ఈ సరదా వాయిదా వేసుకోవాలి. గుండెజబ్బు ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరు సరేనంటేనే వెళ్లాలి. శిక్షకుడు లేకుండా మాత్రం ఎవరూ ఎక్కకూడదు.

'పెళ్లయి పిల్లలున్నవాళ్లం, ఇప్పుడెందుకులే' అంటారేమో! ఎవరెస్ట్ ఎక్కిన తొలి మహిళ, జపాన్‌కు చెందిన జుంకో తాబెయి 1975లో శిఖరం చేరేనాటికి ఆమెకు 35 ఏళ్లు, ఇంట్లో పసి కూతురు.

ఈసారి సెలవుల్లో హైదరాబాద్ వెళితే, ముందుగా శిక్షకులతో మాట్లాడుకుని ఓ పూట కేటాయించండి. అమ్మాయి ఎక్కుతుంటే కింద చెప్పులూ సంచులూ కాపలా కాయకండి. మీరూ పట్టీ బిగించండి!