తుంగను కోస్తే చాలా?

నెల్లూరు జిల్లాలో ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్టచేలను ఎప్పుడైనా చూశారా? అక్కడ రైతును విసిగించే కలుపుమొక్కల్లో తుంగ ఒకటి. పైన కనబడే గడ్డిని కోసేస్తే చేను శుభ్రమైనట్టే వుంటుంది. కాని కొద్ది రోజుల్లో మళ్ళీ మొలకలు లేస్తాయి! ఎందుకని? భూమిలో తుంగ గడ్డ అలాగే వుంది కనుక.

కాలేయ కాన్సర్ కూడా చాలాసార్లు ఇలాగే చేస్తుంది. డాక్టర్లు కణితిని కోసి తీసేసినా కొన్నాళ్ళకు మళ్ళీ తలెత్తుతుంది. కణితిలోని కణాలన్నీ ఒకే రకం కావనీ, వాటిలో కొద్దిపాటి కణాలు తుంగ గడ్డల్లాంటివనీ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. వీటినే కాన్సర్ మూలకణాలు అంటారు. ఇవి మందుల దెబ్బను తట్టుకుంటాయి, తిరిగి అన్ని రకాల కాన్సర్ కణాలనూ పుట్టిస్తాయి. వీటి పైపొరమీద వుండే సిడి133, ఎప్‌క్యామ్ అనే ప్రోటీన్లను ఆనవాళ్ళుగా పెట్టుకుని వెదుకుతారు.

మరి వీటిని నడిపించేదేమిటి? వాటిలో ముఖ్యమైనది బీటా కెటెనిన్ అనే ప్రోటీన్. మామూలు కణం దీన్ని తయారుచేస్తూనే, ఎప్పటికప్పుడు ముక్కలు చేసి పారేస్తుంది. కణం పెరగవలసి వచ్చినప్పుడు బయటినుంచి 'వింట్' అనే సంకేతం వస్తుంది. అప్పుడు ముక్కలు చేయడం ఆగుతుంది. బీటా కెటెనిన్ కేంద్రకంలోకి వెళ్ళి పెరుగుదల జన్యువులను మేలుకొలుపుతుంది. కాలువ తూము ఎత్తినట్టన్నమాట! పని కాగానే తూము దించాలి. కొన్ని కాలేయ కాన్సర్లలో బీటా కెటెనిన్ జన్యువే చెడిపోతుంది. ఇక తూము మూతపడదు.

అయితే ఆ తూమును మందుతో మూసేయవచ్చు కదా అంటారా? చిక్కు అక్కడే వుంది. మన పేగుల్లోని మంచి మూలకణాలకు కూడా ఇదే సంకేతం కావాలి. పైగా మామూలు కాన్సర్ కణం సైతం ఒక్కోసారి మూలకణంగా మారగలదు. తుంగ ఆకు తిరిగి గడ్డ కాలేదు, కాని ఇక్కడ అది సాధ్యం!

అందుకే విత్తనం పడకముందే జాగ్రత్తపడటం మేలు. కాలేయ కాన్సర్‌కు పెద్ద కారణాల్లో హెపటైటిస్-బి వైరస్ ఒకటి. పుట్టేటప్పుడు తల్లినుంచి బిడ్డకు సోకితే ఏళ్ళ తరబడి కాలేయంలోనే వుండిపోతుంది. కణాలు చస్తూ, కొత్తవి పుడుతూ వుంటాయి. ప్రతి కొత్త పుట్టుకలోనూ జన్యువుల్లో తప్పు దొర్లే అవకాశం వుంది. వైరస్ తన డి.ఎన్.ఎ.ను మన డి.ఎన్.ఎ.లో కూడా దూర్చగలదు.

దీనికి టీకా వుంది. విదేశీ టీకా మామూలు కుటుంబాలకు అందని ధరలో వున్న రోజుల్లో, నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాలెంలో పుట్టిన ఇంజనీరు కె.ఐ. వరప్రసాదరెడ్డి హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. ఆ సంస్థ 1997లో చౌకగా టీకా తెచ్చింది. తైవాన్‌లో 1984లో పసిపిల్లలకు టీకా మొదలుపెట్టాక, అక్కడి పిల్లల్లో కాలేయ కాన్సర్ బాగా తగ్గింది.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో బిడ్డ పుడితే, 24 గంటల్లోగా ఈ టీకా వేయించారా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న ఒక నిండు జీవితాన్ని కాపాడవచ్చు.