లారీయే రైలెక్కితే కిరాయి కలిసివస్తుందా?

నెల్లూరు: గూడూరు నిమ్మకాయలు ఉత్తరాది మార్కెట్లకు ఎక్కువగా లారీల మీదే పోతున్నాయి. కోస్తా రొయ్యలు శీతల కంటైనర్లలో జాతీయ రహదారి పట్టుకుని రేవులకు చేరుతున్నాయి. రోడ్డు పక్కనే విజయవాడ–చెన్నై రైలుమార్గం ఉంది. సరుకు దించకుండా లారీనే రైలెక్కించరాదా అన్న ప్రశ్న డీజిలు ధర పెరిగినప్పుడల్లా వర్తకులకు కలగడం సహజమే.

ఈ ఆలోచన పాతదే. అమెరికాలో సర్కస్ కంపెనీలు తమ బళ్లను ఫ్లాట్ వ్యాగన్ల మీదికి ఒక చివర నుంచి ఎక్కించి, వ్యాగన్ల మధ్య పలకలు పరిచి రెండో చివర దాకా నడిపించేవి. తర్వాత రైలు కంపెనీలు లారీ ట్రెయిలర్లనూ అలాగే ఎక్కించాయి. వ్యాగన్లను ఉమ్మడిగా వాడుకోవడానికి 1955లో ట్రెయిలర్ ట్రెయిన్ అనే సంస్థ ఏర్పడింది. 75 అడుగుల వ్యాగన్ క్రమంగా 89 అడుగులకు పెరిగింది. 1960 నాటికి కార్లకు రెండు, మూడు అంతస్తుల వ్యాగన్లు వచ్చాయి. 1970 దశకంలో షెవర్లే వేగా కార్లను ముక్కు కిందికి వచ్చేలా నిలువునా బిగించి ఒక్కో వ్యాగన్‌లో 30 చొప్పున పంపారు. నూనె ఒలకకుండా ఇంజన్లోనే మార్పులు చేయవలసివచ్చింది. కిరాయి దగ్గర వ్యాపారి ఎంతదూరమైనా ఆలోచిస్తాడు మరి!

మన రైల్వేలు పొదుపు మార్గం తొక్కాయి. పాతబడిన ప్రయాణికుల పెట్టెల కిటికీలు మూసి, చివర తలుపులు పెట్టి కార్లు ఎక్కించాయి. ఎన్ఎంజి అని పిలిచే ఈ పెట్టెలు 25 ఉన్న రేక్‌లో సుమారు 125 కార్లు పడతాయి. ఆ తరువాత వచ్చిన రెండంతస్తుల బిసిఎసిబిఎం రేక్‌లో 318 పడతాయి. 2010లో ప్రైవేటు సంస్థలు సొంత రేకులు నడుపుకునే పథకం వచ్చింది. 2013–14లో రెండు శాతానికి లోపే ఉన్న రైల్వేల వాటా పదేళ్లలో ఐదో వంతు దాటింది. పెనుకొండ నుంచి కియా కార్లు రైలెక్కుతున్నది ఈ మార్పు వల్లనే. అయితే రెండంతస్తుల వ్యాగన్ తిరుగుదారిలో వేరే సరుకుకు అంతగా పనికిరాదు.

లారీకి కావలసింది చదును వ్యాగన్. కొంకణ్ రైల్వే 1999లో కొలాడ్–వెర్ణా మధ్య లారీలను ఇలా నడపడం మొదలుపెట్టి, తర్వాత సూరత్కల్ దాకా పొడిగించింది. డ్రైవరు, క్లీనరు లారీతోనే వెళతారు. అక్కడిది ఘాట్ రోడ్డు కనుక టైర్లు, డీజిలు, రోజులు మూడూ మిగిలాయి. 2020 ఆగస్టులో బెంగళూరు దగ్గరి నేలమంగళ నుంచి షోలాపూర్ దగ్గరి బాళేకు 682 కిలోమీటర్ల సర్వీసు మొదలైంది. రేక్‌కు 42 లారీలు. కొంకణ్ రైల్వే 2025 ఆగస్టులో సొంత కార్లకూ ఈ ఏర్పాటు చేసి, కారుకు రూ.7,875 వసూలు చేసింది.

నెల్లూరు వైపు లెక్క వేరు. ఇక్కడి రోడ్డు చదునైనది. గూడూరు నుంచి చెన్నైకి రైలులో 138 కిలోమీటర్లే. ఇంత దగ్గరికి లారీని ఎక్కించి దించే లోపు రోడ్డు మీద బండి చేరనే చేరుతుంది. ఢిల్లీ రెండు వేల కిలోమీటర్ల పైమాట. లాభమంటూ ఉంటే అక్కడే. అయితే సరుకుతోపాటు ఖాళీ లారీ బరువుకూ కిరాయి కట్టవలసి ఉంటుంది. కంటైనర్‌కు ఈ బెడద తక్కువ.

ఎత్తు మరో చిక్కు. పైన కరెంటు తీగ, దారిలో సొరంగాలు, వంతెనలు ఉంటాయి. అందుకే కంటైనర్ల కోసం చేసిన బిఎల్‌సి వ్యాగన్ నేలను 1,009 మిల్లీమీటర్లకు దించారు. దాని మీద తొమ్మిదిన్నర అడుగుల కంటైనర్ పెట్టినా మొత్తం ఎత్తు నాలుగు మీటర్ల లోపే. మామూలు ఫ్లాట్ వ్యాగన్ మీద, చక్రాలతో సహా నిలిచిన లారీకి ఆ వెసులుబాటు లేదు. నిమ్మ బస్తాలు టార్పాలిన్ కింద ఎత్తుగా పేర్చే అలవాటు మానుకోవలసిందే. కృష్ణపట్నం–ఓబులవారిపల్లె మార్గం 2019లో పూర్తయింది. వెలిగొండల సొరంగం కూడా ఆ దారిలోనే ఉంది కనుక అటు పోయే బండికీ కొలత తప్పదు.

వీటన్నిటికంటే ముందు, నలభై లారీలు ఒకే రోజు ఒకే ర్యాంపు దగ్గర సిద్ధంగా ఉండాలి. వేసవిలో నిమ్మ రాకలు పెరిగినా వరసగా అన్ని లారీలూ ఢిల్లీకే పోవు. కొన్ని మధ్యలోని మార్కెట్లకు మళ్లుతాయి. రేక్ నిండాలంటే బియ్యం, రొయ్య లారీలనూ కలుపుకోవాలి. తిరుగు ప్రయాణంలో ఉత్తరాది సరుకు దొరకాలి. ఈ రెండువైపుల బాడుగ ముందుగా కుదిర్చే బ్రోకరు దొరికితేనే గూడూరు వర్తకుడు రైల్వే రేటు అడగడం మొదలుపెడతాడు.