పూండికి అక్షరాలెన్ని?

పలాస నుంచి విశాఖ వైపు రైల్లో వస్తుంటే పూండి స్టేషన్ తగులుతుంది. ‘ఈ పేరులో ఎన్ని అక్షరాలురా?’ అని ఒకటో తరగతి పిల్లాణ్ని అడగండి. ‘రెండు’ అని ఠక్కున చెబుతాడు. అదే కంప్యూటర్‌ని అడిగితే... ‘అయిదు’ అంటుంది! ప, కొమ్ముదీర్ఘం, సున్న, డ, గుడి... దేని లెక్క దానిదే.

లెక్కలో తేడా అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. చిక్కల్లా ‘ఇది అసలు అక్షరమేనా?’ అన్న దగ్గరే.

1970ల్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ ‘సి’ భాషను తయారుచేశారు. అక్షరమేదో, అంకె ఏదో తేల్చే ఏర్పాటు అందులో ఇంగ్లిష్‌కి సరిపోయేలా ఉండేది. 1991లో వచ్చిన యూనికోడ్ తెలుగుకు 128 గళ్లు కేటాయించింది. 1995లో సి ప్రమాణంలో ప్రపంచ లిపుల కోసం ‘వైడ్ క్యారెక్టర్’ పరీక్షలు చేరాయి. ‘ఐఎస్‌డబ్ల్యూఆల్ఫా’ అలాంటిదే. గుర్తును చూపిస్తే అక్షరమో కాదో చెబుతుంది.

అయితే ఓ షరతుంది. ఏ భాష, ఏ దేశం పద్ధతిలో చూడాలో ప్రోగ్రామ్ ముందే చెప్పాలి. దాన్నే ‘లొకేల్’ అంటారు. చెప్పడం మరిచిపోతే సి పాత అలవాటుతోనే మొదలవుతుంది. చాలా లైనక్స్ కంప్యూటర్లలో అప్పుడు ‘ప’ కూడా అక్షరం కాకుండా పోతుంది!

పోనీ, చెప్పామనుకోండి. పూండి, పలాస, సోంపేట గట్టెక్కేస్తాయి. టెక్కలి, ఉద్దానం, వజ్రపుకొత్తూరు మాత్రం ఇరుక్కుంటాయి. కారణం ఒత్తు. ‘క్క’ అని రాస్తే కంప్యూటర్‌లో క, పొల్లు, మళ్లీ క ఉంటాయి. యూనికోడ్ పట్టికలో గుణింతపు గుర్తులకు అక్షరాల జాబితాలో చోటుంది, పొల్లుకు లేదు.

దాంతో ఏమవుతుంది? ‘పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలి’ అనే నియమాన్ని ఈ ఒక్క పరీక్షతో రాసేస్తే రాములు గారు లోపలికి, అప్పలస్వామి గారు బయటికి! పుట్టినప్పుడు పెట్టిన పేరే తప్పయిపోతుంది. ఆయన చేసేదేముంది... పేరును ఇంగ్లిష్‌లో రాసుకోవాల్సిందే.

మందు కష్టమైనదేం కాదు. ‘అక్షరమా?’ అని అడిగాక ‘అక్షరాన్ని అంటిపెట్టుకుని ఉండే గుర్తా?’ అని ఇంకో ప్రశ్న వేయాలి. రెండింట్లో ఏది అవునన్నా రానివ్వాలి. ప్రోగ్రామ్ పూర్తయ్యాక పూండితో పాటు టెక్కలినీ ఓసారి టైప్ చేసి చూడాలి. ఒత్తులున్న పేరు దాటిందంటే సగం తెలుగునాడు దాటినట్టే!