ఆఖరి అయిదు శుక్రవారాలు
పంతొమ్మిదేళ్లు మస్కట్‌లో ఉండి.. వచ్చేసే ముందు ఊరు చూసిన బరంపురం వాసి

బరంపురం: మస్కట్‌లో పంతొమ్మిదేళ్లు ఉన్నారాయన. ఊరు చూసింది మాత్రం చివరి అయిదు వారాల్లోనే! వినేవాళ్లకు వింతగా ఉండొచ్చు. గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇళ్లలో మాత్రం ఎవరూ వింతపడరు.

'టాక్సీ ఎక్కితే డబ్బు. బయట తింటే డబ్బు. రియాల్ తీసే ముందు దాన్ని రూపాయల్లో లెక్కేసుకోవడం అలవాటైపోయింది. ఇంకేటి తిరుగుతాం?' అంటారు. ఆయన వెళ్లిన 2006లో రియాల్ సుమారు 120 రూపాయలు. ఇప్పుడు 200 దాటింది. లెక్కతోపాటు భయమూ పెరిగింది.

పేరు రాయొద్దన్నారు. ఆ కంపెనీలో మనవాళ్లు ఇంకా పనిచేస్తున్నారట. పెద్దబజారు దగ్గర చేనేత కుటుంబం వారిది. గోపాలపురం రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్లిన తాతలున్న ఇల్లు. ఆయన 90 రియాళ్ల జీతానికి స్టోర్‌లో హెల్పర్‌గా చేరి స్టోర్‌కీపరయ్యారు. స్థానికులకే ఉద్యోగాలన్న అక్కడి విధానం చివరకు ఆయన కుర్చీదాకా వచ్చింది. ఒక ఒమనీ కుర్రాడిని తెచ్చి, పని నేర్పమన్నారు. నేర్పారు. ఆర్నెల్లకు ఉత్తరం చేతికిచ్చారు.

కోపం రాలేదా అనడిగితే, 'ఎందుకండీ? వాళ్ల దేశం, వాళ్ల పిల్లలు. మన ఊళ్లో మాత్రం మనవాడికి ఇమ్మని అడగమా?' అన్నారు. కాసేపాగి, 'మొదటి రెండ్రోజులూ వచ్చిందిలెండి' అని నవ్వేశారు.

టిక్కెట్టుకు అయిదు వారాల గడువుంది. ఆ రాత్రే పాత బిల్లుబుక్కు కాగితం వెనక ఒక జాబితా రాసుకున్నారు. ఆ కాగితం ఇప్పటికీ జేబులోనే ఉంది. మాకు చూపించారు. అందులో మొదటిది చూడాల్సిన చోటు కాదు, తినాల్సిన వస్తువు.

పరాటాలో చిప్స్!

మస్కట్‌లో 'కాఫీ షాప్' అంటే మన టీకొట్టే. ఎక్కువగా మలయాళీలవి. కారు ఆపి హారన్ కొడితే కుర్రాడు బయటకు వచ్చి అడిగిపోతాడు. వేడి పరాటాకు చీజు పూసి, 'చిప్స్ ఒమన్' అనే అక్కడి ఆలుగడ్డ చిప్స్ పొట్లాన్ని నలిపి చల్లి, చుట్టి ఇస్తారు. పక్కన యాలకులేసి మరిగించిన కరక్ చాయ్. ఒమనీ కుర్రాళ్లకు ప్రాణం. పంతొమ్మిదేళ్లూ ఆ వాసన పీల్చుకుంటూ గదికెళ్లి పప్పన్నం తిన్న మనిషి, చివరి అయిదు వారాలూ రోజుకొకటి తిన్నారు. 'మా ఆవిడకు చెప్పకండి, అక్కడ షుగర్ టెస్టు చేయించుకోలేదు' అన్నారు. (ఆవిడ పక్క గదిలోంచి వింటూనే ఉన్నారు.)

రూవీలోని ఆ కాఫీ షాపు యజమానిది కొల్లం. సెలవుకొచ్చి వెళ్లిన ప్రతిసారీ ఆయనకు మన బరంపురం అప్పడాలు, ఊరగాయ పట్టుకెళ్లడం మామూలు. చివరి కట్ట మాత్రం కొట్లో ఇవ్వలేదు. వేయించి డబ్బాలో పోసుకుని మత్రా సముద్రం గట్టుకు పట్టుకెళ్లారు. వెళ్లింది నలుగురు.. ఈయన, కొల్లం ఆయన, ఇచ్ఛాపురం టైలరు, పెషావర్ నుంచి వచ్చిన డ్రైవర్ ఖాన్ భాయ్. బొగ్గుల మీద కాల్చిన మిష్కాక్ మాంసం పుల్లలు కొనుక్కుని అప్పడాలతో నంజుకున్నారట. ఆ నలుగురి ఊళ్లకూ ఒకప్పుడు ఒకే రూపాయి. అంతెందుకు.. మన రిజర్వు బ్యాంకు 1959లో గల్ఫ్ కోసం అచ్చువేసిన రూపాయి ఒమన్‌లో 1970 దాకా చెల్లింది. రియాల్‌కు వెయ్యో వంతును అక్కడ ఇప్పటికీ 'బైసా' అంటారు.

గిన్నె ఊపాలని తెలీదు..

ఆయనకు వారానికి ఒకటే సెలవు.. శుక్రవారం. ఒమన్‌లో 2013 నుంచి శుక్ర, శనివారాలు సెలవు రోజులైనా ఆయన స్టోర్‌కు శనివారం వర్తించలేదు. రెండో శుక్రవారం తెల్లవారుజామున నలుగురూ నిజ్వా బయల్దేరారు. మస్కట్ నుంచి సుమారు 150 కి.మీ. పాతికసార్లు ఆ దారిన వెళ్లారట. అన్నిసార్లూ సైటుకు సామాను దింపడానికే. 17వ శతాబ్దంలో కట్టిన ఆ కోట గుండ్రటి బురుజును లారీ అద్దంలోంచే చూశారు.

నిజ్వాలో శుక్రవారం పొద్దున్న మేకల సంత జరుగుతుంది. కొనేవాళ్లు వలయంగా కూర్చుంటారు. అమ్మేవాళ్లు మేకను పట్టుకుని వాళ్ల ముందు తిరుగుతూ ధర అరుస్తారు. నచ్చినవాడు ఆపి పళ్లూ పొదుగూ చూస్తాడు. మన సంతల్లో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని గుట్టుగా చేసే బేరానికి ఇది పూర్తిగా తిరగేసిన వ్యవహారం. ఖాన్ భాయ్ ఊరికే ఒక ధర అడిగి, ఇరుక్కుని, దండం పెట్టి బయటపడ్డాడట.

సంత దగ్గర వాళ్లకోసం ఎదురు చూస్తున్నది ఎవరనుకున్నారు? ఈయన కుర్చీలోకి వచ్చిన ఆ కుర్రాడే. వాళ్ల ఊరు నిజ్వా పక్కనే. ఖర్జూరం తోటలో నీటికాలువ పక్కన ఇల్లు. ఆ కాలువలను అక్కడ 'ఫలజ్' అంటారు. కొండ మొదట్లోని నీటిని వాలు చూసి కిలోమీటర్ల కొద్దీ నడిపించి, తోటలకు వంతులేసి పంచుకుంటారు. నిజ్వాలోని ఫలజ్ దారిస్‌తో కలిపి అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈయనకు మాత్రం మన చెరువు కింద వంతులే గుర్తొచ్చాయట.

ముందు ఖర్జూరాలు, కావా పెట్టారు. చిన్న గిన్నెలో రెండు గుటకల కాఫీ. తాగి కింద పెడితే మళ్లీ పోశారు. మళ్లీ తాగారు. మళ్లీ పోశారు. కాదనడం మర్యాద కాదని ఏడు గిన్నెలు లాగించాక, కుర్రాడి తమ్ముడు నవ్వాపుకోలేక చెప్పాడు.. చాలనుకుంటే గిన్నెను అటూ ఇటూ ఊపాలి! 'పంతొమ్మిదేళ్లకు ఆ సంగతి తెలిసింది. అప్పటిదాకా ఒక్క ఒమనీ ఇంట్లోనూ కాలుపెట్టలేదు కదండీ. పిలిచినవాళ్లున్నారు. నేనే వెళ్లలేదు' అన్నారు.

భోజనానికి షువా. మసాలా పట్టించిన మేకమాంసాన్ని ఆకుల్లో చుట్టి, నిప్పులున్న గోతిలో పూడ్చి, ఒకటి రెండు రోజుల తర్వాత తీస్తారు. పండగలకు చేసే వంట అది. నేల మీద ఒకే పళ్లెం చుట్టూ అందరూ కూర్చున్నారు. మగవాళ్లు కూర్చునే ఆ గదిలోకి కుర్రాడి తల్లి రాలేదు. కొడుకు చేత కబురు చెప్పించారు. 'మా వాడికి పని నేర్పినాయనకు ముందు వడ్డించండి' అని. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన మా వైపు చూడలేదు.

చెప్పుల కాపలా

మూడో శుక్రవారం సూర్ దారి. బిమ్మా దగ్గర నేల కుంగి ఏర్పడిన పచ్చటి నీటిగుంట, వాదీ షాబ్ లోయ.. రెండూ చూశారు. లోయలోకి పడవ దాటి, రాళ్లమీద ముప్పావుగంట నడిస్తే నీటి మడుగులు. మన చెరువుల్లో ఈదినవారు గనుక ఈయన దూకేశారు. ఈత రాని ఖాన్ భాయ్ ఒడ్డున అందరి చెప్పులకూ కాపలా. సూర్‌లో చెక్క ఓడలు కట్టే చోట, పూర్వం ఇక్కడికి టేకు మలబారు నుంచే వచ్చేదని తెలిసి కొల్లం ఆయన ఆ ఓడలన్నీ తనవేనన్నంత హడావుడి చేశారట.

నాలుగో శుక్రవారం ఎక్కడికీ వెళ్లలేదు. ఆ వారమంతా సెటిల్‌మెంట్ లెక్కలతోనే సరిపోయింది. పాత చట్టం ప్రకారం మొదటి మూడేళ్లకు ఏడాదికి 15 రోజులు, తర్వాత ఏడాదికి నెల జీతం గ్రాట్యుటీ. 2023 కార్మిక చట్టం ఏడాదికి నెల అంది. అయితే దేనికైనా లెక్క మూలవేతనం మీదే. ఆయన కాగితాల్లో మూలవేతనం తక్కువ, అలవెన్సులు ఎక్కువ. అనుకున్నదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ చేతికొచ్చింది. గల్ఫ్ వెళ్లే కుర్రాళ్లు సంతకం పెట్టే ముందు మొత్తం జీతం కాదు, ఈ ఒక్క అంకె చూసుకోవాలన్నది ఆయన మాట.

అయిదో శుక్రవారం ఒక్కరే మళ్లీ మత్రా గట్టుకు వెళ్లారు. 2020 ఏప్రిల్‌లో తండ్రి పోయారని ఫోనొచ్చింది. విమానాలు లేవు. కొడుకు స్థానంలో తమ్ముడి కొడుకు కొరివి పెట్టాడు. ఈయన ఫోన్లో చూశారు. తర్వాత లాక్‌డౌన్ సడలాక వచ్చి కూర్చున్నది ఆ గట్టు మీదే. ఆ రోజు గురించి ఇంకేమీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఆదివారం ప్రోగ్రాం

ముప్పై కిలోల సామానులో అయిదు కిలోలు హల్వానే. హైదరాబాద్‌లో దిగి, విశాఖ ఎక్స్‌ప్రెస్ పట్టుకుని బరంపురం వచ్చేశారు. ఆయన వెళ్లిన మూడు నెలలకు పుట్టిన కూతురు ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. రెండేళ్లకోసారి నలభై రోజుల సెలవు.. తొమ్మిదిసార్లు వచ్చారు. అంటే ఆ పిల్ల దగ్గర ఉన్నది మొత్తం 360 రోజులు. ఈ లెక్క ఆయనే చెప్పారు. ఆమెకు తీపి పడదన్న సంగతి హల్వా డబ్బా తెరిచాకే తెలిసింది. నాన్న కోసం ఒక చెంచా తిందట.

మొన్న శుక్రవారం ఆయన పొద్దున్నే లేచి, స్నానం చేసి తయారైపోయారు. 'ఎక్కడికెళ్దాం?' అని అడిగితే కూతురు, 'ఇవాళ కాలేజీ ఉంది నాన్నా, సెలవు ఆదివారం కదా' అంది. ఆ కాగితమే అడిగి తీసుకుంది. మిగిలిన ఖాళీలో తన జాబితా రాసిచ్చింది. తప్తపాణి, తారాతారిణి, రంభ దగ్గర చిలికా, గోపాలపురం.

తప్తపాణి వేడినీళ్ల గుండం బరంపురానికి సుమారు 50 కి.మీ. పెళ్లయిన కొత్తలో ఒకసారి వెళ్లారట. ఈ ఆదివారం ముగ్గురూ వెళ్తున్నారు. పరాటాలు ఇంట్లోనే చేస్తామన్నారు. బరంపురంలో చిప్స్ ఒమన్ ఎక్కడ దొరుకుతాయో తెలుసా అని మమ్మల్నే అడిగారు.