నర్సరీ (పదం)

నర్సరీ ఆంగ్ల భాష నుండి తెలుగులోకి వచ్చిన పదం. విత్తనాలు, కొమ్మలు, అంట్ల ద్వారా మొక్కలను పెంచి, వేరొక చోట నాటడానికి తగిన వయసు వచ్చే వరకు సంరక్షించే స్థలాన్ని ఉద్యానశాస్త్రంలో నర్సరీ అంటారు. ఇదే పదం పసిపిల్లల గదికి, బడికి కూడా వాడబడుతుంది. ఈ అర్థాలన్నిటికీ మూలం పాలిచ్చి పెంచడం అనే భావమే.

వ్యుత్పత్తి

లాటిన్ భాషలో "నూట్రీరే" అనగా పాలిచ్చుట, పోషించుట. దాని నుండి పుట్టిన "నూట్రిక్స్" అనే పదానికి దాది అని అర్థం. ఈ ధాతువు నుండి వచ్చిన మాటే పాత ఫ్రెంచి ద్వారా ఆంగ్లంలో చేరి "నర్స్" అయినది. కనుక నర్స్ అంటే తొలుత రోగులకు సేవ చేసే వ్యక్తి కాదు, బిడ్డకు పాలిచ్చి పెంచే దాది. బిడ్డను పెంచే గది నర్సరీ. 16వ శతాబ్దంలో ఈ పదాన్ని మొక్కలకు కూడా వాడసాగారు. న్యూట్రిషన్, నర్చర్ అనే పదాలు కూడా ఈ కుటుంబానికి చెందినవే.

ఇందుకు విరుద్ధంగా ప్రయాణించిన పదాలూ ఉన్నాయి. లాటిన్‌లో నారుమడిని "సెమినారియం" అనేవారు. అదే నేటి సెమినార్, సెమినరీ పదాలకు మూలం. జర్మనీకి చెందిన ఫ్రోబెల్ 1840లో తన శిశు విద్యాలయానికి పెట్టిన కిండర్‌గార్టెన్ అనే పేరుకు "పిల్లల తోట" అని అర్థం.

ఇతర అర్థాలు

* నర్సరీ బడి: ప్రాథమిక విద్యకు ముందు పిల్లలు చేరే బడి. 1914లో లండన్‌లోని డెట్‌ఫోర్డ్‌లో రేచల్, మార్గరెట్ మెక్‌మిలన్ సోదరీమణులు ఆరుబయట నర్సరీ బడిని నెలకొల్పారు.
* నర్సరీ చెరువు: చేపల పెంపకంలో అతి చిన్న పిల్లలను పెంచే చెరువు.
* నక్షత్ర నర్సరీ: నక్షత్రాలు జన్మించే నీహారిక. ఉదాహరణకు ఓరియన్ నీహారిక.

తెలుగులో వాడుక

వరి, మిరప, పొగాకు వంటి పైర్లకు నారు పెంచే చోటును తెలుగులో నారుమడి అంటారు. రైతు దీనిని సాధారణంగా తన పొలంలోనే కొద్ది వారాల కొరకు వేసుకుంటాడు. పండ్ల, పూల మొక్కలను పెంచి అమ్మే తోటలకు మాత్రం నర్సరీ అనే పేరే స్థిరపడినది. తూర్పు గోదావరి జిల్లాలోని కడియం, కడియపులంక గ్రామాలు ఇటువంటి నర్సరీలకు ప్రసిద్ధి.

నారు పోసినవాడు నీరు పోయడా అని తెలుగు సామెత. పోషణ బాధ్యతను గుర్తుచేసే ఈ మాట నర్సరీకి కూడా వర్తిస్తుంది. మామిడి, బత్తాయి అంట్లను మేలైన తల్లి చెట్టు నుండి తీసిన కొమ్మతో లేదా కన్నుతో కడతారు. తల్లి చెట్టు మంచిది కాకపోతే ఆ లోపం లేత మొక్కలో కనిపించదు. కొన్ని సంవత్సరాల తరువాత కాపు వచ్చినప్పుడే తెలుస్తుంది. అప్పటికి రైతు పెట్టుబడి, కాలం రెండూ ఖర్చయిపోతాయి. అందువలన మొక్క ఎత్తును, పచ్చదనాన్ని మాత్రమే కాక, అది ఏ తల్లి చెట్టు నుండి వచ్చినదో విచారించి కొనుట అవసరం.